గుమ్మంలో చెప్పాల్సిన పేరు

మా పాపకి ఈ మధ్య ఒక ఆట పట్టుకుంది. నేను కంపెనీ నుంచి ఇంటికొచ్చేసరికి గుమ్మంలో రెండు చేతులూ చాపి అడ్డంగా నిలబడుతుంది. పేరు చెప్తే గానీ లోపలికి రానివ్వదు. వేసవిలో మా అక్క కొడుకు పెళ్లిలో చూసింది ఈ తతంగం. కొత్త జంట ఇంట్లో అడుగుపెట్టే ముందు ఆడపడుచులు గుమ్మానికి అడ్డం నిలబడి, ఒకరి చేత ఒకరి పేరు చెప్పించుకుంటారు కదా, అదే. దానికి తెగ నచ్చేసింది. అప్పటినుంచీ నాకు రోజూ గృహప్రవేశమే. ఒకరోజు అమ్మ పేరు, ఒకరోజు నానమ్మ పేరు. ఒకరోజు కింది వాటావాళ్ల కుక్క పేరు కూడా చెప్పించింది.

పోయిన సోమవారం కూడా అలాగే నిలబడింది. నేను చెప్పులు విప్పుతున్నాను.

"డాడీ, ప..." అంది. ఆగింది. పెదాలు రెండూ అతుక్కుపోయాయి. కళ్లు గట్టిగా మూసుకుంది. "ప... ప... ప..." మెడ పక్కన సన్నటి నరం ఒకటి పైకి లేచింది.

ఆ నరం నాకు తెలుసు. చిన్నప్పటినుంచీ అద్దంలో చూస్తూనే ఉన్నాను.

ఏం చేస్తున్నానో తెలియలేదు. "పేరేగా? పావని! అమ్మ పేరు పావని! అయిపోయింది, జరుగు జరుగు" అంటూ దాన్ని ఎత్తుకుని లోపలికి వచ్చిపడ్డాను. పావని అంటే నా భార్య. వంటింట్లోంచి తొంగి చూసి, "ఏమైంది, దయ్యం పట్టినట్టు ఉరికొచ్చిన్రు?" అంది. పాప నా భుజం మీదే ముఖం ముడుచుకుంది. "నేను ఇంకా అడగనే లే" అని అలిగింది.

ఆ పూట నాకు అన్నం సహించలేదు. మా అమ్మేమో, "చిన్నప్పుడు నాలిక్కి వస సరిగ్గ రాయలే, అందుకే" అని వసకొమ్ము కోసం డబ్బాలన్నీ వెతికింది. పావని మర్నాడే ఏఎస్ రావు నగర్‌లో మాటల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఈ వయసు పిల్లల్లో చాలామందికి ఇలా వస్తుందనీ, చాలామందికి దానంతటదే పోతుందనీ ఆవిడ చెప్పింది. పోతుందంటే నమ్మకం కుదరలేదు నాకు. నాకు పోలేదుగా మరి! అవును, నాకు నత్తి. నోటితో చెప్పాలంటే చెమటలు పడతాయి కాబట్టి కాగితం మీద చెప్పేస్తున్నాను. నోరు పెగలని వాళ్లం కాగితం దొరికితే వదిలిపెట్టం, కాస్త ఓపిక పట్టండి.

పాపకి నత్తి వస్తుందేమోనన్నది ఒక భయం. అంతకన్నా పెద్ద భయం ఇంకోటుంది. నత్తితో పాటు నా బతుకు కూడా దానికి వస్తుందేమోనని. నాలాగా దాక్కుంటూ, తప్పించుకుంటూ, ఒక మాట బదులు ఇంకో మాట వెతుక్కుంటూ బతుకుతుందేమోనని. ఆ సోమవారం సోఫాలో కూర్చుని ఉంటే నాకు గుర్తొచ్చింది ఒకే ఒక్క మనిషి. ఆయన ఉండి ఉంటే, నేను పాప మాట లాక్కున్నందుకు నన్ను నిలబెట్టి కడిగేసేవాడు.

ఆయన మా కంపెనీలో స్టోర్స్ చూసేవాడు. నాచారంలో మందు సీసాలకి మూతలు చేసే కంపెనీ మాది. నేను క్వాలిటీలో చేరిన కొత్తలోనే ఆయన జుట్టు సగం తెల్లబడి ఉండేది. పొడుగు మనిషి. చొక్కా చేతులు ఎప్పుడూ మోచేతుల దాకా మడిచి ఉండేవి. చాయ్ సాసర్‌లో పోసుకుని తాగేవాడు. ఆయనకీ నత్తే. నాది ఆయన ముందు ఏపాటిది! నేను పది మాటలకి ఒకచోట జారితే, ఆయన ప్రతి మాటకీ బావిలోంచి చేద లాగినట్టు లాగేవాడు. కుడిచెయ్యి నిజంగానే పైకి లేచేది. మాట రాగానే కిందికి దిగేది.

అలాంటి మనిషి ఎక్కడ మాట్లాడే పని ఉంటే అక్కడ ముందుండేవాడు. నాకు అర్థమయ్యేది కాదు. వాట్సాప్‌లో ఒక్క ముక్క పెడితే అయిపోయే పనికి ఫోన్ చేసేవాడు. ఉప్పల్ మెట్రో స్టేషన్‌లో టికెట్ మిషన్ ఖాళీగా ఉన్నా కౌంటర్ ముందు వరసలో నిలబడేవాడు, అక్కడైతే నోటితో అడగాలని. హోటల్‌కి వెళ్తే బోర్డు మీద అన్నిటికన్నా పొడుగు పేరున్న దోశ ఏదో చూసి, ఆ పేరు మొత్తం చెప్పి తెప్పించుకునేవాడు. నేనేమో ముందువాడు ఏం చెప్తే "నాకూ అదే" అనేవాణ్ణి. నాకు ఉప్మా అంటే పరమ అసహ్యం. ఆ 'అదే' పుణ్యమా అని జీవితంలో ఎంత ఉప్మా తిన్నానో!

మాట్లాడటానికి లేచే ముందు ఆయన ఒకటే అనేవాడు. "లెట్స్ టేక్ ఎ ఛాన్స్." అదొక్కటీ మటుకు ఎక్కడా తట్టుకోకుండా గడగడా వచ్చేది. ఇంగ్లీషు ఆయనకి పెద్దగా రాదు. ఈ ముక్క ఎక్కడ పట్టారన్నా అంటే ఒకసారి బళ్లో సారు నేర్పిండనేవాడు, ఒకసారి ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ చూస్తుంటే వెనక సీటాయన అన్నడనేవాడు, ఇంకోసారి అగ్గిపెట్టె మీద ఉండెననేవాడు. అది చెప్పాక అసలు మాట మొదలుపెట్టేవాడు. అది ఇరుక్కునేది. చాలాసార్లు రానే వచ్చేది కాదు. అప్పుడు చెయ్యి దించేసి, "పోయింది. మల్ల జూద్దాం" అని నవ్వి చాయ్‌కి వెళ్లిపోయేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు జలదరించేది. అంతమంది ముందు మాట పడిపోతే నేనైతే ఊరొదిలి పోయేవాణ్ణి.

ఒక్క విషయంలో మటుకు ఆయనకి కోపం ఎక్కువ. మాట ఇరుక్కున్నప్పుడు ఎవరైనా జాలిపడి అందించారా, అయిపోయారే! అందించింది సరైన మాటే అయినా తల అడ్డంగా ఊపేవాడు. మళ్లీ మొదటినుంచీ తనే లాగేవాడు. "న... నా మాట నాకియ్యి. నీది నువ్వు పెట్టుకో" అనేవాడు.

ఆయనతో నాకు పరిచయం అయింది సేఫ్టీ వారంలో. ఏటా ఒకరోజు పొద్దున్నే షిఫ్టు వాళ్లందరినీ కంపెనీ ముందు నిలబెట్టి ప్రతిజ్ఞ చేయిస్తారు. ఒకరు ముందు నిలబడి ముక్క ముక్కగా చెప్పాలి, మిగతావాళ్లు అనాలి. "ఎవరు చదువుతరు?" అని మేనేజర్ అడిగితే అందరూ నేలచూపులు చూశాం. నేను పక్కవాడి వీపు వెనక్కి జరిగాను. అప్పుడు వరసలోంచి ఈయన చెయ్యెత్తాడు. "లెట్స్ టేక్ ఎ ఛాన్స్."

ముందుకొచ్చి కాగితం పట్టుకున్నాడు. "న... న... న... నేను" అన్నాడు.

ముందు వరసల్లో మా తెలుగువాళ్లు ఏమనాలో తోచక ఆగిపోయారు. వెనక వరసల్లో ఆ వారమే బీహార్ నుంచీ ఒడిశా నుంచీ వచ్చిన కుర్రాళ్లున్నారు. వాళ్లకి తెలుగు ముక్క రాదు. ఎలా చెప్తే అలా అనమన్నారు కదా, పాపం. అందరూ గుండెల మీద చేతులు పెట్టుకుని ఒక్క గొంతుతో, "న, న, న, నేను" అన్నారు.

అబ్బా, ఆ క్షణం! ఎవరో కిసుక్కుమన్నారు. మేనేజర్ ముఖం మాడిపోయింది. వెక్కిరిస్తున్నారనుకున్నాను. ఇప్పుడాయన కాగితం విసిరికొట్టి వెళ్లిపోతాడు, ఆ తర్వాత నన్ను పిలుస్తారు, నేను చస్తాను అనుకున్నాను. ఆయన కళ్లు తెరిచి వెనక వరసల్ని చూశాడు. వాళ్ల ముఖాల్లో వెక్కిరింపు లేదు, భక్తి ఉంది. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వు ఆపుకుని, "శా... శాబాష్. మంచిగ జెప్పిన్రు" అని మళ్లీ కాగితం ఎత్తాడు. "ఈ... ఈ... ఈరోజు." వెనకనుంచి, "ఈ, ఈ, ఈరోజు!" ఇక ముందు వరసలవాళ్లు కూడా అందుకున్నారు. ఆ పొద్దున నాచారంలో మా కంపెనీ కంపెనీ అంతా నత్తిగా ప్రమాణం చేసింది. ఆ గోలలో నేనూ గొంతెత్తాను. పదిమందిలో దాచుకోకుండా నత్తిగా మాట్లాడటం నాకు అదే మొదలు. ఎవరికీ తెలిసుండదులే అనుకున్నాను.

తర్వాత చాయ్ దగ్గర ఆయనే నా పక్కకొచ్చి నిలబడ్డాడు. "త... తమ్మీ, నువ్వు మనోనివే గదా?"

"ఎట్ల తెలిసిందన్నా?" అన్నాను మెల్లిగా.

"అందరు నేను ఆగినన్ని సార్లే ఆగిన్రు. నువ్వు ఇంకా ఎ... ఎక్కువ ఆగినవ్."

ఆ రోజునుంచీ నన్ను వదల్లేదు.

మాది ఉప్పల్, పాత ఊళ్లోనే ఇల్లు. కంపెనీ నాచారంలో. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర షేర్ ఆటో ఎక్కితే నేరుగా కంపెనీ దారిలోనే దింపుతుంది. ఎక్కగానే డ్రైవర్, "ఏడ దిగుతవన్నా?" అంటాడు. నాచారం అనాలి. ఆ 'న' నా నోట్లోంచి రాదు. ఉప్పల్ అనమంటే హాయిగా వచ్చేది. ఏం చేస్తాం, నేనున్నది ఉప్పల్‌లోనే. అందుకని పొద్దున ఇండస్ట్రియల్ ఏరియా మీదుగా లారీల మధ్య దుమ్ములో నడుచుకుంటూ వెళ్లేవాణ్ణి. సాయంత్రం దర్జాగా "ఉప్పల్" అని ఆటో ఎక్కి వచ్చేవాణ్ణి. కంపెనీలో నాకు మంచి పేరొచ్చింది, ఆరోగ్యం మీద మస్తు శ్రద్ధ అని. ఆయన ఒక్కడే నమ్మలేదు. "వా... వాకింగ్ చేసేటోడు సాయంత్రం ఆటో ఎందుకెక్కుతడు?" అన్నాడు.

మర్నాడు పొద్దున చూద్దును కదా, రింగ్ రోడ్డు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయన ఇల్లు నాచారంలో. నాకోసం ఎదురొచ్చాడు. "లెట్స్ టేక్ ఎ ఛాన్స్" అని నన్ను ఆటోలోకి నెట్టి పక్కన కూర్చున్నాడు. డ్రైవర్ వెనక్కి తిరిగాడు. "ఏడన్నా?"

"న..." అంతే. ఇంకేమీ లేదు. గొంతులో తలుపు వేసేశారెవరో. వెనక ఆటోవాళ్లు హారన్లు కొడుతున్నారు. ఎదురు సీట్లో కూరగాయల సంచీతో ఒక ముసలమ్మ ఉంది. నా అవస్థ చూడలేక, "నాచారమా బిడ్డా?" అంది. నేను ప్రాణం లేచొచ్చి తల ఊపబోయాను.

ఆయన అడ్డుపడ్డాడు. "ఆగవ్వా. ఆ... ఆయన మాట ఆయన్ని జెప్పనీ."

"నాకు టైమైతుంది సార్," అన్నాడు డ్రైవర్.

"చె... చెప్తడు. జర ఆగు."

"చెప్పేదాంక ఆగితే నా గిరాకీ పోతది. దిగుర్రి ఇద్దరు."

దించేశాడు. ఆటో వెళ్లిపోయింది. నాకు ఏడుపొచ్చింది. సిగ్గుతోనో కోపంతోనో తెలియదు. ఆయన చొక్కా దులుపుకుని, "పోయింది. మల్ల జూద్దాం" అన్నాడు. ఇద్దరం నడిచాం. దారిలో ఒక్క బుద్ధి మాటా చెప్పలేదు. బెల్లం ఎక్కడ మంచిది దొరుకుతుందో, వాళ్లావిడ సర్వపిండి ఎలా చేస్తుందో చెప్తూ నడిచాడు. మర్నాడు మళ్లీ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. ఎప్పటికో ఒకరోజు "న... న... నాచారం" అన్నాను. డ్రైవర్ తల కూడా తిప్పలేదు, గేరు మార్చాడు. అంతేనా! ఇంత భయపడింది ఇందుకేనా అనిపించింది. మర్నాటికి భయం మళ్లీ యథాస్థానంలోకి వచ్చి కూర్చుంది, అది వేరే సంగతి.

నా పెళ్లి కుదిరింది. సంబంధం తెచ్చిన మా మామ ఆడపిల్లవాళ్లతో, "పిల్లగాడు జర తక్కువ మాట్లాడ్తడు" అన్నాడు. ఇంకేమీ అనలేదు. పెళ్లిచూపుల్లో నేను నవ్వి ఊరుకున్నాను. పావని కూడా నవ్వి ఊరుకుంది. అంతా సాఫీగా జరిగిపోయింది. ఆయన మటుకు, "ఆ బిడ్డకు నువ్వే ఫోన్ జేసి చెప్పు" అని పోరుపెట్టాడు. ఎన్నిసార్లు నంబర్ నొక్కానో, రింగ్ కాకముందే కట్ చేశాను. భయం. ఎవరికైనా చెప్పినా అర్థం కాని భయం.

పెళ్లికంటే నన్ను చంపింది ఆ తర్వాతి ఘట్టం. గుమ్మంలో పేరు చెప్పడం. పెళ్లిమండపంలో ఏం ఇబ్బంది లేదు, మంత్రాలు నలుగురితో పాటు గొణిగేయొచ్చు. గుమ్మంలో అలా కుదరదు. మా అక్క అడ్డం నిలబడుతుంది, వాడంతా చుట్టూ మూగుతుంది, నేనొక్కణ్ణే చెప్పాలి. అదీ ఏ పేరు? 'ప'తో మొదలయ్యే పేరు. ఇప్పుడంటే పిలిచి పిలిచి నోరు అలవాటు పడింది గానీ, అప్పుడది నాకు కొండ. పేరు బదులు ఇంకో మాట పెట్టడానికి కూడా లేదు. నిద్రలో కూడా అక్క చేతులు కనిపించేవి.

చివరికి ఒక ఉపాయం తట్టింది. బ్యాండువాళ్లతో మాట్లాడుకున్నాను. నేను నోరు తెరవగానే వాళ్లు దంచి కొట్టాలి. ఆ మోతలో నేను పెదాలు కదిపేస్తాను, అయిపోతుంది. సైగ చెయ్యడానికి ఒక మనిషి కావాలి కదా. ఆయన్నే బతిమాలాను. ఆయన నా ముఖంలోకి చూసి, "స... సరే" అన్నాడు.

ఉప్పల్‌లో మా ఇంటి ముందు పందిరి. గడప మీద బియ్యం చెంబు. పావని నా పక్కన తల వంచుకుని నిలబడింది. మా అక్క చేతులు చాపింది. "పేరు చెప్పుర తమ్మి, లోపలికి రా." ఆడవాళ్లంతా మూగారు. నేను నోరు తెరిచి బ్యాండు వైపు చూశాను. డప్పు మీద కర్రలు లేచి ఉన్నాయి. వాళ్లు ఆయన వైపు చూస్తున్నారు. ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

కళ్లతో వేడుకున్నాను. ఆయన కదల్లేదు. నా కళ్లలోకే చూస్తూ పెదాలు కదిపాడు. వినపడక్కర్లేదు, ఏమన్నాడో నాకు తెలుసు.

ఆ క్షణాన ఆయన్ని పీక పిసికి చంపాలనిపించింది.

"ప..." అన్నాను. పెదాలు అతుక్కుపోయాయి. "సిగ్గు పడ్తుండమ్మా పెండ్లికొడుకు!" అని ఎవరో నవ్వారు. అందరూ నవ్వారు. నవ్వులు కొంచెం కొంచెంగా తగ్గాయి. ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం నాకు బాగా అలవాటైనదే, అందరికీ అర్థమయ్యే నిశ్శబ్దం. వెనకనుంచి ఎవడో పుణ్యాత్ముడు, "పావని అనుర, పావని!" అని అరిచాడు. హమ్మయ్య అని తల ఊపబోయాను. ఊపితే అయిపోయేది. కానీ పక్కన ఏదో కదిలింది. పావని తల ఎత్తి నన్ను చూస్తోంది. నవ్వడం లేదు, జాలి పడటం లేదు. ఊరికే ఆగి చూస్తోంది.

"ప... ప... ప... పా... పావని" అన్నాను.

అక్క చెయ్యి దించింది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. తర్వాత ఆడవాళ్లు ఊరుకుంటారా, పెద్దవాళ్ల మీద పడ్డారు. "అన్నా, నువ్వు గూడ వదిన పేరు చెప్పాలె" అని ఆయన్ని పట్టుకున్నారు. ఆయన చొక్కా చేతులు పైకి లాక్కుని, "లెట్స్ టేక్ ఎ ఛాన్స్" అని గుమ్మంలో నిలబడ్డాడు. లాగాడు, లాగాడు. చెయ్యి పైకి లేచింది, ముఖం ఎర్రబడింది. రాలేదు. వాళ్లావిడ పక్కనే నిలబడి కొంగుతో ఆయన నుదురు తుడిచింది గానీ, మాట మటుకు అందించలేదు. చివరికి ఆయన, "పోయింది" అని మా అక్క చెయ్యి కిందనుంచి వంగి లోపలికి దూరిపోయాడు. ఇల్లంతా గొల్లున నవ్వింది. అప్పుడు మోగింది బ్యాండు.

ఆ సాయంత్రం పావని నాతో మాట్లాడిన మొదటి మాట ఇది. "ఎవరో నా పేరు అందించిన్రు గదా, మీరు ఆగిపోతరేమోనని భయపడ్డ." అప్పటిదాకా భయం నా ఒక్కడి సొత్తనుకున్నాను.

ఆయన రిటైరయ్యాక ఫోన్లు చేసేవాడు. ఎత్తితే అవతల ఏ చప్పుడూ ఉండదు. తెలియనివాళ్లు కట్ చేసేసేవారు, ఆయన మళ్లీ కలిపేవాడు. నాకు తెలుసు కాబట్టి ఫోన్ చెవికి ఆనించుకుని నా పని చేసుకునేవాణ్ణి. ఎప్పటికో "త... తమ్మీ" అని వచ్చేది. విషయం ఏమీ ఉండదు. వాన పడుతుందా అక్కడ, పాప ఎట్లుంది, అంతే. ఉప్పల్‌లో వాన పడితే నాచారంలో పడదా? అయినా అడిగేవాడు.

పోయిన ఏడాది వానాకాలంలో ఒక పొద్దున ఆయన నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తాను. నిశ్శబ్దం. నేను పాపకి జడ వేస్తున్నాను. ఫోన్ భుజానికి ఆనించుకుని ఒక జడ పూర్తిచేసి రెండోది మొదలుపెట్టాను. "తొందర లేదన్నా, నిమ్మళంగ చెప్పు" అన్నాను. అవతల వెక్కిన చప్పుడైంది. అది ఆయన గొంతు కాదు. "మీ అన్న లేడు బాబూ," అంది వదిన.

ఆ రోజు నేను నాచారం వెళ్లాను. వాకిట్లో కూర్చున్నవాళ్లలో ఎవరూ నన్ను ఏమీ మాట్లాడమనలేదు. లోపల్లోపల దానికి సంతోషించాను కూడా. ఇప్పటికీ ఫోన్ ఎత్తితే ఏ చప్పుడూ రాకపోతే నేను వెంటనే కట్ చెయ్యను. కాసేపటికి అవతలనుంచి లోన్ కావాలా సార్ అని రికార్డు గొంతు వస్తుంది. అప్పుడు పెట్టేస్తాను.

ఇదీ ఆయన. ఇప్పుడు పాప సంగతి.

డాక్టరమ్మ పావనితో ఇంకో మాట కూడా చెప్పి పంపింది. పిల్ల మాట తట్టుకున్నప్పుడు అందించొద్దు, ఆగండి, కంగారు ముఖం పెట్టొద్దు అని. పావని నాతో చెప్తుంటే నేను తల దించుకున్నాను. కంగారు ముఖం పెట్టకుండా ఉండటం నావల్ల అయ్యే పనేనా? పాప 'ప' అన్నప్పుడల్లా, 'క' అన్నప్పుడల్లా నా చూపు దాని మెడ మీదికే పోతోంది. వారమంతా దానికి ఎదురుపడకుండా తిరిగాను. ఆలస్యంగా వచ్చాను. ఒకరోజు వెనక మెట్లెక్కి వంటింటి తలుపులోంచి దూరాను.

నిన్న సాయంత్రం దొరికిపోయాను. గుమ్మంలోనే కాపు కాసింది. చేతులు చాపింది. "డాడీ, కొత్త పేరు చెప్పు. పాతవి వద్దు."

ఏదో ఒక తేలికైన పేరు చెప్పేయొచ్చు. 'ఉ'తోనో 'అ'తోనో మొదలయ్యేది, నాకు గడగడా వచ్చేది. నోటిదాకా వచ్చింది కూడా. మింగేశాను.

"ఒక తాత పేరు చెప్తా," అన్నాను. "చానా కష్టం పేరు."

"ఏ తాత?"

"నాకు ఆటో ఎక్కుడు నేర్పిన తాత."

అది నవ్వింది. నేను చేతిలో ఉన్న టిఫిన్ బాక్స్ కింద పెట్టాను. "లెట్స్ టేక్ ఎ ఛాన్స్" అన్నాను. నా గొంతుతో ఆ మాట అనడం అదే మొదటిసారి. నాకది గడగడా రాలేదు, 'ట' దగ్గర తట్టుకుంది. ఆ తర్వాత ఆయన పేరు మొదటి అక్షరం మీదికి వెళ్లాను.

ఇరుక్కుంది. దాచుకోలేదు. దగ్గలేదు, నవ్వలేదు, గడియారం చూసుకోలేదు. పాప ముందు నా ముఖం ఎలా వంకరపోతోందో నాకు తెలుస్తూనే ఉంది. వంటింట్లో నీళ్ల చప్పుడు ఆగింది. మా అమ్మ టీవీ ఆపింది. మెట్లెక్కుతున్న పైవాటా ఆవిడ కూరల సంచీతో ఆగి, "ఏమైంది?" అంది. పాప బెదిరిపోతుందేమో, ఏడుస్తుందేమో, ఇక జన్మలో నోరు తెరవదేమో అనుకుంటున్నాను. లాగాను, లాగాను. పేరు రాలేదు.

"పోయింది," అన్నాను.

పాప ఏడవలేదు. నన్ను వంగమన్నట్టు చొక్కా పట్టి లాగింది. వంగితే, నా మెడ పక్కన నరం మీద వేలు పెట్టింది.

"ఇక్కడ ఇరికిందా డాడీ?"

"ఊ."

"నాకు గూడ ఇక్కడనే."

వంటింటి తలుపు దగ్గర పావని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పాప మళ్లీ వెనక్కి జరిగి చేతులు చాపింది. "రే..." అంది. కళ్లు మూసుకుంది. "రే... రే..." నరం లేచింది. ఆ మాటేమిటో నాకు తెలుసు. నా నాలుక చివరే ఉంది. అందిస్తే దాని కష్టం తీరిపోతుంది, నా భయం కూడా తీరిపోతుంది. పళ్లు బిగించుకుని నిలబడ్డాను. పైవాటా ఆవిడ ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపాను. ఎంతసేపు నిలబడ్డామో తెలియదు.

"రే... రే... రేపు చెప్పు," అంది పాప. చేతులు దించి దారి ఇచ్చింది.

ఆ రేపు ఈరోజే. ఇంత రాసినా ఆయన పేరు ఎక్కడా రాయలేదు, చూశారుగా. రాయడానికి ఏ కష్టమూ లేదు, చెయ్యికి నత్తి ఉండదు. కానీ ముందు గుమ్మంలో నోటితో చెప్పాలి, అదీ పాపకి. షిఫ్టు అయిపోయింది. ఆటో ఎక్కి ఇంటికి బయలుదేరుతున్నాను. భయంగానే ఉంది.